శునకముఖ దేశపు పటం

శునకముఖుణ్ణి చూడటానికి ఆ ఉదయం చంద్రపీఠ నగరం నగరమంతా కోట ముందరి మైదానానికి కదిలింది. బిడ్డల్ని చంకనేసుకున్న తల్లులు, కొట్లు మూసిన వర్తకులు, పాఠాలు ఎగ్గొట్టిన విద్యార్థులు, ఊతకర్రల మీద ముసలివాళ్ళు, అందరి చూపూ సభామంటపం మెట్ల మీద ఉంచిన ఇనుప పంజరం మీదే! అందులో ఒక మూలకు ఒదిగి కూర్చుని ఉంది ఆ వింతజీవి. మెడ నుంచి మోకాళ్ళ దాకా నల్లని బొచ్చు. భుజాల మీద పొడుగాటి మూతి, నిక్కపొడుచుకున్న చెవులు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు. అచ్చం వేటకుక్క తల. చేతులూ పాదాలూ మాత్రం మనిషివే.

పంజరం వెనుక, మంటపం గోడను పైనుంచి కిందిదాకా కప్పేస్తూ మహాపటం వేలాడుతోంది.

ఆ పటం సొగసు చూసి తీరవలసిందే. నీలిమందు అద్దిన సముద్రాల మీద వెండి జరీ అలలు. పచ్చల పొడితో తీర్చిన అడవులు. ముత్యాలు కుట్టిన మంచుకొండలు. నట్టనడుమ బంగారు తామర పువ్వులా చంద్రపీఠ రాజ్యం. గుర్రం మీద వారం తిరిగితే ముగిసిపోయే ఆ రాజ్యం పటంలో సగం గుడ్డను ఆక్రమించుకుంది. తామర రేకుల్లో పసిడి మేనుల స్త్రీపురుషులు వీణలు వాయిస్తూ, గ్రంథాలు చదువుకుంటూ చిరునవ్వులు చిందిస్తున్నారు. అక్కడినుంచి దూరం పెరిగేకొద్దీ చిత్రకారుడి రంగు ముదిరింది. తూర్పుదేశాల వాళ్ళు గోధుమవన్నెలో, ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని కొట్టుకుంటున్నారు. వాళ్ళకు అవతల ఉన్నవాళ్ళు ఇంకా నల్లగా, ఇంకా పొట్టిగా, పచ్చిచేపలు కొరుకుతున్నారు. దక్షిణపు అంచుకు వచ్చేసరికి మసిబొగ్గు రంగు తప్ప మరేమీ లేదు. ఇల్లు లేదు, పొలం లేదు, బట్ట లేదు. కుక్కతలల మూకలు నాలుగుకాళ్ళ మీద పాకుతూ మనిషి తొడను పీక్కుతింటున్నాయి. పైన ఎర్రని అక్షరాలు: “శునకముఖ దేశం. ఇచ్చట మనుష్యులు లేరు.”

ఆ పటాన్ని గీసినవాడు విశ్వలోచనుడు. చంద్రపీఠ ఆస్థానంలో భూపటాల అధిపతి, మహామాంత్రికుడు. తేనెరంగు కళ్ళు, బొడ్డు దాకా జారిన తెల్లని గడ్డం, చేతిలో స్ఫటికం పొదిగిన దండం. నగరం మధ్య అద్దాల బురుజు మీద కూర్చుని దివ్యదృష్టితో లోకమంతా చూస్తాడని ప్రజల నమ్మకం.

మహాపటానికి నకళ్ళు చేరని చోటు రాజ్యంలో లేదు. బడి గోడల మీద అదే. సత్రాల గుమ్మాల మీద అదే. చివరికి పిల్లలాడుకునే ఆట ముక్కల మీద కూడా అవే కుక్కతలలు. అన్నం తినని పిల్లలను దక్షిణాది వాళ్ళకు పట్టిస్తామని తల్లులు బెదిరించేవారు. ఒకప్పుడు దక్షిణపు కొండల నుంచి తేనె అమ్ముకునేవాళ్ళు సంతకు వచ్చేవారు. తోక కోసం వాళ్ళ చీరచెంగులు ఎత్తి చూడటం, వెనక రాళ్ళు రువ్వడం మొదలయ్యాక వాళ్ళు రావడం మానుకున్నారు. వాళ్ళ ముఖాలు మన ముఖాల్లాగే ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే, “దారిలో మంత్రం వేసుకుని మారిపోతారట!” అని సమాధానం సిద్ధంగా ఉండేది.

ఇంతకీ ఈ పటంతో రాజుకు ఒక అవసరం పడింది. చంద్రపీఠ సింహాసనం మీద మూలపురుషుడి శపథం చెక్కి ఉంది. తమకు ఏ కీడూ చెయ్యని మనుషుల మీద ఆ వంశంలో ఎవడు కత్తి దూసినా, సింహాసనం నిలువునా చీలిపోతుంది. దక్షిణ దేశంలో చందనపు అడవులున్నాయి. వాటి మీద పృథ్వీధర మహారాజుకు ఆశ పుట్టింది. కానీ శపథం అడ్డు. అక్కడున్నవాళ్ళు మనుషులే కాకపోతే? అప్పుడు అది యుద్ధం కాదు, వేట!

“ప్రజలారా!” అన్నాడు విశ్వలోచనుడు దండం పైకెత్తి. “నా పటం అబద్ధమన్న అనుమానం ఎవరికైనా ఉంటే, ఇదిగో సాక్ష్యం! రేపు ఉదయం మన సైన్యం బయలుదేరుతుంది. ఈ మృగమే మన ధ్వజం!”

జనం జేజేలు కొట్టారు. ఒక్క యువరాజు సుషేణుడు మాత్రం పంజరం చుట్టూ మెల్లగా ప్రదక్షిణ చేస్తున్నాడు. ఏ వస్తువు కనబడినా లోపల ఏముందో విప్పి చూస్తే తప్ప నిద్రపట్టని మనిషి అతను.

“ఆచార్యా, దీనికి మెడ కింద చెమట కారుతోంది. కుక్కలు ఎండకు నాలుక చాచి రొప్పుతాయి గానీ ఇలా చెమట పట్టవు కదా?”

“ఇది కుక్క కాదు, యువరాజా. శునకముఖం.”

“మాంసం ముక్క విసిరితే వాసనైనా చూడలేదు.”

“మనిషి మాంసమైతే చూసేది.”

జనం గొల్లున నవ్వారు. సుషేణుడు నవ్వలేదు. “మీరు ఆ దేశం ఎప్పుడు వెళ్ళి వచ్చారు?”

విశ్వలోచనుడి కళ్ళు ఒక్క క్షణం సన్నబడ్డాయి. “వెళ్ళినవాడికి చుట్టూ ఉన్న నాలుగు చెట్లే కనబడతాయి. ధ్యానంలో చూసేవాడికి లోకమంతా కనబడుతుంది.”

ఆ సమాధానం విని మహారాజు తల పంకించాడు. సుషేణుడికి మాత్రం ఆ జీవి మెడ దగ్గర, బొచ్చు అంచున, ఒక కుట్టు కనిపించినట్టు అనిపించింది.

* * *

సాయంత్రం ఏనుగులు మేత నుంచి తిరిగివచ్చే వేళ, గజశాలలోకి ఇద్దరు గడ్డి మోపరులు ప్రవేశించారు. తలపాగాలు కళ్ళ దాకా లాక్కున్నారు. ముందు నడిచేవాడు సుషేణుడు. వెనక రొప్పుతూ వచ్చేవాడు అతని అంగరక్షకుడు జంగన్న. ఒంటిచేత్తో దున్నపోతును నిలబెట్టే జంగన్నకు ఈ లోకంలో భయమున్నది మంత్రగాళ్ళంటేనే.

“యువరాజా, అది కరిస్తే మనకూ మూతి పొడుగవుతుందంటున్నారు.”

“అయితే ముందు నన్నే కరవనీ. నువ్వు చూసి చెబుదువుగాని.”

రాత్రికని గజశాలకు చేర్చిన పంజరం ఏనుగు గుంజల నడుమ ఉంది. కావలివాళ్ళు నీళ్ళ తొట్టి దగ్గర పాచికలాడుతున్నారు. సుషేణుడు గడ్డిమోపు చాటున కూర్చుని, కమ్మీల దగ్గరికి ముఖం పెట్టి, “నా మాటలు అర్థమైతే తల ఊపు” అన్నాడు.

కుక్కతల ఊగింది.

జంగన్న చేతిలోని మోపు దభీమని కిందపడింది.

“నువ్వు మనిషివేనా?”

తల మళ్ళీ ఊగింది. ఈసారి ఊపు ఆగలేదు. ఊగుతూనే ఉంది. ఆ తోలు కంటిరంధ్రాల్లోంచి నీళ్ళు బొచ్చు మీదికి జారుతున్నాయి.

సుషేణుడు కమ్మీల సందున చేతులు పెట్టి మెడ చుట్టూ తడిమాడు. బొచ్చు కింద ఇనుప పట్టెడ, దానికొక చిన్న తాళం. జంగన్న బాకు మొన దూర్చి మెలితిప్పేసరికి తాళం టక్కున ఊడింది. తొడుగు ఎత్తగానే నోట్లోంచి గుర్రపు కళ్ళెంలాంటి ఇనుపకడ్డీ బయటికి జారింది. ఇన్నాళ్ళూ నాలుకను నొక్కిపెట్టింది అదే.

లోపల ఉన్నది ఒక ఆడమనిషి. సుషేణుడికంటే కాస్త పెద్ద వయసు. పెదవుల మూలలు చీలి నెత్తురు కట్టాయి. చుట్టూ ఉన్న ఏనుగుల్ని, గడ్డిని, ఎదురుగా నోరు తెరిచి నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళను చూసి, పొడిబారిన గొంతుతో అంది:

“నీళ్ళు.”

జంగన్న తోలుతిత్తి అందించాడు. ఆమె తాగి ఊపిరి పీల్చుకుంది.

“నా పేరు చెన్నంగి. మాది నల్లేటి సీమ. మీవాళ్ళు మామీదికి వస్తారని తెలిసి, మావోళ్ళు నన్ను రాయబారం పంపారు. చందనం కావాలంటే బేరం మాట్లాడుకుందాం, నరుక్కోవడం ఎందుకని మీ రాజుకి చెప్పమన్నారు.”

“మరి ఈ వేషం?”

“దారిలో ఒక సత్రంలో దిగాను. గోడమీద మీ పటం ఉంది. మా దేశం ఎక్కడుందా అని వెతుక్కున్నాను. కుక్కలు కనబడ్డాయి. నాకు నవ్వొచ్చింది.” పెదవులు తుడుచుకుంటున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. “నవ్వి, మాది ఆ ఊరేనన్నాను. నా ముఖం ఎదురుగా కనబడుతూనే ఉందా, అయినా వాళ్ళంతా తలుపు దగ్గరికి పరిగెత్తారు. తెల్లగడ్డం ముసలాయన మనుషులు మర్నాడే వచ్చి పట్టుకున్నారు. కళ్ళు తెరిచేసరికి ఈ తోలులో ఉన్నాను.”

“మీ దేశంలో కుక్కతలలవాళ్ళు అసలు లేరా? ఏ మూలనైనా?” అన్నాడు జంగన్న, ఆశ చావక.

“నేను చూళ్ళేదు నాయనా. మీ రాజుకి నాలుగు చేతులుంటాయని మా ముసలమ్మలు చెబుతారు. ఉన్నాయా?”

“రెండే,” అన్నాడు సుషేణుడు. “నాకు తెలుసు. ఆయన మా నాన్నగారు.”

చెన్నంగి అతని గడ్డిపోచల తలపాగా కేసి, మట్టిపూసుకున్న బుగ్గల కేసి చూసింది. ఆ చీలిన పెదవుల మీద మొదటిసారి నవ్వులాంటిది కదిలింది.

“అయితే నన్ను ఆయన ముందుకి తీసుకుపో.”

“అందుకే వచ్చాను. పద!”

పంజరం తలుపు గొళ్ళెం విరిచారు. చెన్నంగి వీపున కుట్టిన బొచ్చుతోలును జంగన్న బాకుతో చీల్చి ఊడదీశాడు. లోపల ఆమె ప్రయాణపు చీర మట్టికొట్టుకుని ఉంది. ముగ్గురూ ఏనుగుల వరుస చాటున పెరటి ద్వారం వైపు పాకుతుండగా, గజశాల దీపాలన్నీ ఒక్కసారి పచ్చగా మారాయి!

గుమ్మంలో విశ్వలోచనుడు నిలబడి ఉన్నాడు. స్ఫటికం మండుతోంది.

“ఆశ్చర్యం! గడ్డిమోపరులకు కూడా భూగోళం మీద ఆసక్తి!”

దండం నేలకు తాటించాడు. ఏనుగుల గొలుసులు సర్పాల్లా లేచి బుసకొడుతూ ముగ్గురి మీదికి దూకాయి. జంగన్న కేకపెట్టి ఒక గొలుసును రెండు చేతులా పట్టి గుంజకు మెలేశాడు. గొలుసులు వీడిన ఏనుగులు బెదిరి ఘీంకరిస్తూ నలువైపులా పరుగుతీశాయి. తొట్లు పగిలాయి. కావలివాళ్ళ పాచికలు ఎక్కడివక్కడ ఎగిరిపోయాయి. ఒక గున్న పెరటి ద్వారాన్ని తలతో కుమ్మి బద్దలుకొట్టింది. దానికి అవతల అగడ్త!

ఇంతలో పైనుంచి ఇనుప అడ్డగేటు గరగరమంటూ దిగసాగింది. సుషేణుడు దాని కిందికి దూరి భుజాన ఎత్తిపట్టాడు. కండరాలు తెగిపోతున్నాయి.

“జంగన్నా! ఆమెను తీసుకుని దూకు!”

“మిమ్మల్ని వదిలా? చచ్చినా పోను!”

“పటం అబద్ధమని నేను చెబితే ఎవరూ నమ్మరు. ఆమె ముఖం చూస్తే నమ్ముతారు. ఆమె బతికి నాన్నగారి ముందుకి చేరాలి. వెళ్ళు! ఇది ఆజ్ఞ!”

జంగన్న కళ్ళనీళ్ళతో చెన్నంగి చెయ్యి పట్టుకుని గేటు కిందనుంచి దొర్లి అగడ్తలోకి దూకాడు. వెనక గేటు ధన్‌మని పడింది. సుషేణుడు లోపలివైపు మిగిలిపోయాడు. స్ఫటికం లోంచి పొగ సుడులు తిరుగుతూ వచ్చి అతని ముక్కుపుటాల్లో దూరింది.

తెలివి తప్పుతూ అతను విన్న చివరి మాటలు విశ్వలోచనుడివే.

“రేపటికి నాకొక శునకముఖుడు కావాలి, యువరాజా. నీ ఎత్తు సరిపోతుంది.”

* * *

తెల్లవారింది. భేరీలు మోగాయి. రథాలు, గుర్రాలు, బల్లేలవాళ్ళు బారులు తీరి దక్షిణ ద్వారం వైపు కదిలారు. అందరికంటే ముందు ఎడ్లబండి మీద పంజరం. అందులో శునకముఖుడు.

సుషేణుడికి తెలివి వచ్చింది జనం అరుపులకే. కళ్ళ ముందు రెండు చిన్న రంధ్రాలు. నోట్లో ఇనుపకడ్డీ, చేతులకు సంకెళ్ళు. మేడల మీంచి రాళ్ళు పడుతున్నాయి. ఒకటి నుదుటిని తాకింది. విసిరినవాడు, కిందటి ఉగాదికి తన చేతి మీదుగా బహుమానం అందుకున్న మల్లుడు! “నేను రా!” అని సుషేణుడు గొంతెత్తి అరిచాడు. కడ్డీ అడ్డుపడి, ఒక భయంకరమైన గుర్రుమనే చప్పుడు మాత్రమే బయటికొచ్చింది.

జనం ఆనందంతో ఈలలు వేశారు.

పట్టపుటేనుగు మీద పృథ్వీధర మహారాజు పంజరం పక్కకు వచ్చాడు. వంగి లోపలికి చూశాడు. తండ్రి కళ్ళూ కొడుకు కళ్ళూ కలిశాయి. సుషేణుడు కదలకుండా, ఊపిరి బిగబట్టి చూశాడు.

“ఆచార్యా, దీని చూపు ఎందుకో నన్ను కలవరపెడుతోంది.”

“మృగాలకు ఆ మాయ తెలుసు, ప్రభూ. జాలి పుట్టిస్తాయి.”

“యువరాజు కనబడడేం?”

“ఉత్సాహం పట్టలేక నిన్న సాయంత్రమే ముందు దళంతో వెళ్ళారు.”

మహారాజు మరోసారి చూసి, నిట్టూర్చి, ముఖం తిప్పుకున్నాడు. రాళ్ళ దెబ్బలకు రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి సుషేణుడి కళ్ళలో.

బండి దక్షిణ ద్వారపు వంతెన ఎక్కబోతుండగా ఎడ్లు ఆగిపోయాయి. వంతెన నడుమ, సైన్యానికి ఎదురుగా, తడిచీరలో ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆమె పక్కన, రాత్రంతా అగడ్త బురదలో దాక్కుని లేచి వచ్చిన జంగన్న.

“మహారాజా!” అంది చెన్నంగి. “నేను నల్లేటి సీమ రాయబారిని. మీ పటంలో మా పేరు శునకముఖ దేశం. మీతో మాట్లాడి రమ్మన్నారు. నిన్నటిదాకా ఆ పంజరంలో ఉన్నది నేనే.”

సైన్యంలో గుసగుసలు పాకాయి. మహారాజు ఏనుగు మీంచే ముందుకు వంగి, ఆమెను పాదాల నుంచి తల దాకా పరీక్షగా చూశాడు. చెవుల కింద తోలుపట్టీ ఒరిసిన పుళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

“నీది ఆ దేశమేనా? అక్కడ... ఇళ్ళుంటాయా?”

“ఉంటాయి. తలుపులు కూడా ఉంటాయి. వచ్చేవాళ్ళు తట్టి రావాలి.”

“ఇది గూఢచారి ప్రభూ! నరికించండి!” అరిచాడు విశ్వలోచనుడు.

మహారాజు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. “నిన్నటిదాకా ఉన్నది నువ్వైతే, ఇప్పుడు ఆ పంజరంలో ఉన్నది ఎవరు?”

“యువరాజు గారు ప్రభూ!” అని అరిచాడు జంగన్న. “మా యువరాజు!”

మహారాజు ఏనుగు మీంచి మావటి చెయ్యైనా పట్టుకోకుండా దిగి పంజరం వైపు పరుగెత్తాడు. కమ్మీలను పట్టుకున్న ఎడమచేతి చిటికెనవేలు వంకరగా ఉంది. చిన్ననాడు ఉయ్యాల మీంచి పడి విరిగితే, తన ఒళ్ళో పడుకోబెట్టుకుని కట్టు కట్టించిన వేలు అది.

“సుషేణా!”

ఆ కేక పూర్తికాకముందే విశ్వలోచనుడి దండం నుంచి నల్లని పొగ ఎగిసింది. ఆకాశం మూసుకుపోయినట్టయింది. మేడంత రెక్కలతో, రెండు తలల గండభేరుండ పక్షి వంతెన మీదికి వాలి, పంజరాన్ని గోళ్ళతో చిక్కించుకుని, మాంత్రికుణ్ణి వీపున ఎక్కించుకుని దక్షిణానికి ఎగిరిపోయింది. బాణాలు సగం దూరం వెళ్ళి రాలిపోయాయి.

మహారాజు సేనాపతి దగ్గరున్న మహాపటం నకలు లాక్కుని నేల మీద పరిచాడు. దక్షిణపు అంచున కుక్కతలలున్నాయి. బాట లేదు, వాగు లేదు, ఊరి పేరు ఒక్కటి లేదు. చాలాసేపు దాని మీద వేలు కదిపి, చివరికి తలెత్తాడు.

“అమ్మా, మీ దేశానికి దారి ఎటు?”

“చూపిస్తాను. ఈ సైన్యం మాత్రం ఇక్కడే ఆగాలి.”

“ప్రభూ, ఆ దేశానికి ఒంటరిగానా?” అని సేనాపతి గాబరాపడ్డాడు. మహారాజు కిరీటం తీసి అతని చేతిలో పెట్టాడు. రాజబాట దిగి రెల్లుపొదల్లోకి నడిచిన చెన్నంగి వెనక, జంగన్నతో కలిసి తానూ దిగాడు.

* * *

మేఘాల నడుమ పంజరం ఊగిసలాడుతోంది. సుషేణుడు ప్రాణభయం మధ్య కూడా కిందికి చూడకుండా ఉండలేకపోయాడు. కొండలు దాటాయి. ఇక మసిరంగే కనబడాలి. కానీ కింద పసుపుపచ్చని చేలు మెట్లుమెట్లుగా దిగుతున్నాయి! ఎర్రమట్టి గోడల ఊళ్ళు. పొయ్యి పొగలు. ఏటికి అడ్డంగా వెదురు వంతెన, దాని మీద మద్దెలలు వాయిస్తూ పెళ్ళివారి ఊరేగింపు. ఎన్ని ఊళ్ళు! వీటన్నిటి పేర్లూ ఏమిటో! అతను ఆ సన్నని రంధ్రాల్లోంచి ఆత్రంగా ఇటూ అటూ చూశాడు.

“చూశావుగా?” పైనుంచి విశ్వలోచనుడి గొంతు. “చూసినవాడు తిరిగి వెళ్ళకూడదు.”

గండభేరుండం గోళ్ళు విప్పింది.

పంజరం గిరగిర తిరుగుతూ ఆకాశం నుంచి ఏటి మీదికి పడసాగింది. గాలి హోరులో తోలు చెవులు కొట్టుకుంటున్నాయి. ఏటి ఒడ్డున జనం తలలెత్తారు. కోరలు, నల్లని బొచ్చు, కుక్కతల, అన్నీ వాళ్ళకు స్పష్టంగా కనబడే దూరం. సుషేణుడు కళ్ళు మూసుకుని రాళ్ళ కోసం ఎదురుచూశాడు.

ఒడ్డున బట్టలు పిండుకుంటున్న ముసలావిడ ఒకతె చేతి బట్ట వదిలేసి అరిచింది.

“ఒరేయ్! ఎవరో మనిషి పడిపోతున్నాడు! పడవలు తియ్యండ్రా!”